నాలుగో పేరా

మొగలిలంక పేటలో నిక్షేపంలా బతికున్న మనుషులు ఎనభై ఏడుగురు హైకోర్టులో ఒక్క పూటలో లేకుండా పోయారు. ఆ సంగతి సోమవారం సాయంత్రం నాలుగింటికి, కాలవ వంతెన పక్కనున్న ఎస్టీడీ బూత్‌లో ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డ సాలమోనుకు తెలిసింది. ఆ ఎనభై ఏడుగురిలో మొదటివాడు తనే.

"పంచాయతీవోళ్లు మన కేసుకి జవాబుగా కౌంటరు వేసేరండి," అన్నాడు అవతల లాయరు తాతాజీ. అమలాపురం కుర్రాడు. హైదరాబాదులో ప్రాక్టీసు పెట్టి ఆరేళ్లయినా మాట మాత్రం కోనసీమ దాటలేదు. "మీరిచ్చిన అభ్యంతరం కాగితం మీదున్న పేర్లలో ఒక్కటీ ఓటర్ల జాబితాలో లేదంటండి. దొంగ సంతకాలంట, ఊళ్లో లేని మనుషులంట. జడ్జిగారు ఎల్లుండి దాకా టైమిచ్చేరు. ఉన్నోళ్లేనని రుజువు చేస్తూ అఫిడవిట్టు వేయాలి. లేపోతే కేసు కొట్టేస్తారు."

"ఉన్నాం కదండీ," అన్నాడు సాలమోను. అంతకంటే ఏమనాలో అతనికి తోచలేదు.

"ఆయ్, ఉన్నారండి. జాబితాలో లేరు. శుక్రవారం ఎన్నికల నోటిఫికేషను వచ్చేస్తాదంట. అదొచ్చేక ఇంక ఏ కోర్టూ వేలు పెట్టదు. రేపు రైలెక్కి వచ్చేయండి. ఓటరు కార్డు, రేషను కార్డు మర్చిపోకండి." తాతాజీ కాస్త ఆగాడు. "అన్నట్టు, జాబితాలో మీ పేరేంటండీ?"

బూత్ కుర్రాడు వినేలా ఆ పేరు చెప్పడం సాలమోనుకు ఇబ్బందిగా ఉంది. గొంతు తగ్గించి "బంగారయ్యండి" అన్నాడు.

అవతల లాయరు ఆ పేరు మరోసారి చెప్పించుకుని రాసుకున్నాడు.

వార్డుల గొడవ ఆ వేసవిలోనే మొదలైంది. రెండు వేల ఒకటి, పంచాయతీ ఎన్నికలు ముంచుకొస్తున్న ఏడాది. మొగలిలంకలో ఊరు కాలవకు ఇవతల, పేట అవతల. పన్నెండు వార్డుల్లో తొమ్మిదీ పదీ ఎప్పటినుంచో పేటవే. ఆ ఇద్దరు మెంబర్లూ పంచాయతీ మీటింగులో లేచి నిలబడి అరవబట్టే, పేట మంచినీళ్ల చెరువు ఆనుకుని రొయ్యల చెరువులు తవ్వుకునే తీర్మానం మూడుసార్లు వచ్చి మూడుసార్లూ వెనక్కి పోయింది. మిగిలిన పదిమంది మెంబర్లూ కొందరు సిగ్గుకీ కొందరు భయానికీ తలొంచుకున్నారు. రొయ్యల చెరువు పక్కనున్న మంచినీళ్లు రెండేళ్లలో ఉప్పెక్కిపోతాయి. పక్క ఊళ్లో ఎక్కిపోయాయి కూడా. అక్కడి ఆడవాళ్లు బిందె పట్టుకుని మైలున్నర నడుస్తున్నారు.

ఆ రొయ్యల చెరువులు తవ్వాలనుకున్నది సూర్యప్రకాశరావుగారు. పదేళ్లు సర్పంచిగా చేసి దిగిపోయారు గాని, దిగిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. కుర్చీలో ఎవరు కూర్చున్నా సర్పంచి ఆయనే. మెంబర్ల నోరు మూయించడం కంటే వార్డులనే మూసేయడం తేలికని ఆయన కనిపెట్టారు. ఎగ్జిక్యూటివ్ ఆఫీసరును తన వీధరుగు మీద కూర్చోబెట్టుకుని కొత్త మ్యాపు గీయించారు. అందులో పేట నాలుగు ముక్కలైంది. ఒక్కో ముక్కనూ కాలవ దాటించి ఊళ్లో ఒక్కో వార్డుకు అతికించారు. కాలవ మీద వంతెన ఒకటే ఉంది, వార్డులు మాత్రం నాలుగు చోట్ల దాటాయి. ఏ వార్డులో చూసినా పేట ఓట్లు సగం దాటవు.

అభ్యంతరాలుంటే వారం లోపల రాసివ్వమని పంచాయతీ బోర్డుకు నోటీసు అంటించారు. అది పేటవాళ్ల కంటబడేసరికి అందులో మూడు రోజులు పోయాయి. ఆదివారం ఆరాధన అయ్యాక సాలమోను అర్జీ రాశాడు. ముప్ఫయ్యేళ్లు కొబ్బరిచెట్లెక్కి దింపులు తీసిన చెయ్యే గాని అక్షరం అచ్చు గుద్దినట్టుంటుంది. చర్చి సంఘంలో పెద్ద కూడాను. పేటలో సంతకాలు పెట్టించాలంటే ఆరాధన అయ్యాక చర్చిలో పెట్టించడమే రివాజు. కరెంటు స్తంభానికైనా, బస్సు ఆపమని అడగడానికైనా అంతే. చాప మీద కాగితం వరసనే తిరిగింది. అందరూ చర్చి పుస్తకంలో ఉన్న పేరు రాశారు. సాలమోను, ఎబినేజర్, రాహేలు. చర్చిలో కూర్చుని వేరే పేరు రాయాలని ఎవరికీ తోచలేదు. తోచినా చెయ్యి వచ్చేది కాదు.

ఆ అర్జీని ఆఫీసరు పక్కన పడేస్తే తాతాజీ చేత హైకోర్టులో కేసు వేయించారు. కొంప మునిగింది ఆ పేర్ల దగ్గరే. పేటలో దాదాపు అందరికీ రెండేసి పేర్లు. ఒకటి బాప్తిస్మంలో పెట్టుకున్నది. పిలుచుకునేదీ, చచ్చాక సమాధి మీద చెక్కేదీ అదే. రెండోది కాగితాలది. బళ్లో వేసినప్పుడు, రేషను కార్డుకు, ఓటరు జాబితాకు, ఎస్సీ సర్టిఫికెట్టుకు అది. ప్రభుత్వంవారి లెక్కలో, ప్రభువును నమ్ముకున్న మరుక్షణం మనిషి ఎస్సీ కాకుండా పోతాడు. ఊళ్లో మాత్రం పోడు. ఊరి హోటల్లో అతని గ్లాసు నిన్నమొన్నటిదాకా విడిగానే ఉండేది. అది ఎలాంటి న్యాయమో చెప్పగలిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు గనక పేటవాళ్లు రెండు పేర్లతో బండి లాక్కొస్తున్నారు. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు, రెండు పేర్లూ ఒక కాగితం మీద కలవనంతకాలం.

ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే చర్చి వరండాలో పాతికమంది పోగయ్యారు. సాలమోను ఫోను కబురు చెప్పాడు.

"ఓస్, ఇంతేనా! రెండు పేర్లూ మావేనని రాసిచ్చేస్తే సరి," అన్నారు ఒకరిద్దరు.

"రెండు పేర్లు ఎందుకున్నాయని అడిగితేనో?" అంది సరోజిని. ఆవిడ సాలమోను భార్య. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే సూటిగా అడుగుతుంది.

ఒక్కొక్కరి మొహంలో రంగు మారడం సాలమోను చూశాడు. ఒకరి కోడలు ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఒకరి అబ్బాయి కరెంటాఫీసులో పనిచేస్తున్నాడు. ఒకరి మనవలిద్దరూ సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉన్నారు. అందరూ ఎస్సీ సర్టిఫికెట్టు మీదే. సాలమోను కూతురు కరుణ కిందటి డిసెంబరులో టీచరుగా చేరింది. ముమ్మిడివరం దగ్గర ప్రైమరీ బడిలో పనిచేస్తూ అక్కడే గది తీసుకుని ఉంటోంది, శనివారం శనివారం వస్తుంది. ప్రొబేషను ఇంకా కాలేదు. పేటలో ఆడపిల్ల ప్రభుత్వ ఉద్యోగంలో చేరడం అదే మొదలు.

కాసేపటికి వరండాలో చెప్పులు వెతుక్కునే చప్పుడు మొదలైంది. ఎబినేజర్ అయ్యగారు, సంఘ కాపరి, చిన్న ప్రార్థన చేద్దామని చెప్పి పెద్దదే చేశారు.

"ప్రభువే దారి చూపిస్తాడండి సాలమోనుగారూ," అన్నారు కళ్లు తెరిచి.

"ఎల్లుండి పదిన్నర లోపల చూపించాలండి," అన్నాడు సాలమోను.

మర్నాడు మధ్యాహ్నం చేతిసంచీతో వంతెన దాటి సఖినేటిపల్లి బస్సు కోసం నిలబడ్డాడు. అక్కడ రేవులో పంటెక్కి గోదావరి దాటితే నర్సాపురం, నర్సాపురంలో రైలు. వెనక నుంచి ఎవరో "బంగారయ్యగారూ!" అన్నారు. సాలమోను తిరగలేదు. ఆ పేరుతో తనను బయట ఎవరూ పిలవరు.

"బంగారయ్యగారూ, మిమ్మల్నేనండి!"

సూర్యప్రకాశరావుగారు. గట్టు మీద రాశి పోసిన కొబ్బరికాయల పక్కన తెల్ల పంచెలో, నవ్వు మొహంతో నిలబడి ఉన్నారు. ఆయన తోటలో సాలమోను ముప్ఫయ్యేళ్లు చెట్లెక్కాడు, ఓ చెట్టు మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకునేదాకా. ఇరవయ్యేళ్లపాటు "ఒరే", కాస్త వయసొచ్చాక "సాలమోనూ". "గారు" అన్నది ఇదే మొదటిసారి.

"హైదరాబాదు ప్రయాణమాండి?"

"ఆయ్."

"మంచిదండి. మోకాలెలాగుంది? ఆ రైల్లో కాళ్ళు చాపుకోడానికి ఉండదు, జాగ్రత్త. అమ్మాయిగారు కులాసాయేనా? టీచరుగా చేరేరని తెలిసి ఎంత సంతోషించేనో! మనూరి పిల్లండి. ప్రొబేషను ఇంకా అయ్యుండదు కదూ?"

"అవలేదండి."

"అదేనండి నా బెంగ. ఎవడో పనీపాటా లేనోడు కలెక్టరుగారికి కార్డు ముక్క రాసి పడేస్తాడు, ఫలానా టీచరమ్మ తండ్రి సంఘంలో పెద్ద, చర్చిలో రొట్టె పళ్లెం పట్టేది కూడా ఆయనే అని. నేను రాయనండోయ్! నాకేం ఖర్మ? నేను రాయక్కర్లేదు కూడాను. రేపు కోర్టులో మీరేది చెప్తే అదే రికార్డు కదండీ. హైకోర్టు ముద్రతో ఉంటాది." అని, పక్కనున్న పనివాడితో, "ఒరే, బంగారయ్యగారికి ఓ బొండం కొట్టరా," అన్నారు.

"వద్దండి, బస్సొచ్చేస్తాది."

"వచ్చేదాకా తాగండి బాబూ, ఎండ మండిపోతోంది."

సాలమోను బొండం తాగలేదు. తాగకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, వద్దని విసిరికొట్టే ధైర్యం లేక. కోపం వచ్చింది. భయం కూడా వేసింది. రెండింటిలో భయమే ఎక్కువని ఒప్పుకోవడం అతనికి చాలా కష్టమైంది. బస్సెక్కాక కిటికీలోంచి చూస్తే ఆయన చెయ్యి ఊపుతున్నారు.

రైల్లో రాత్రంతా కూర్చునే ఉన్నాడు. పొద్దున్న ఎనిమిదిన్నరకు కాచిగూడలో తాతాజీ గది చేరాడు. గది నిండా ఫైళ్లు, మూలన టైపు మిషను. తాతాజీ అప్పటికే నల్లకోటు వేసుకుని ఉన్నాడు. కాఫీ తెప్పించాడు గాని ఇద్దరూ తాగలేదు. అఫిడవిట్టు ఇంగ్లీషులో ఉంది, ఒక్కో పేరా తెలుగులో చెప్పుకుంటూ వచ్చాడు.

"ఒకటి, మీ పేరు, ఊరు. రెండు, ఓటరు జాబితాలో మీ నంబరు. మూడు, అర్జీ మీద సాలమోను అని సంతకం పెట్టిన మనిషీ జాబితాలో ఉన్న బంగారయ్యా ఒక్కడే, అది మీరే. బాగుందాండి?"

"బాగుందండి."

"నాలుగు," అని తాతాజీ కాగితంలోకి చూస్తూ గబగబా చదివాడు. "నేను పుట్టుకతో హిందువును. ఇప్పటికీ హిందువునే. ఏనాడూ క్రైస్తవ మతం పుచ్చుకోలేదు. సాలమోను అన్నది చిన్నతనంలో ఇరుగుపొరుగువారు పిలిచిన ముద్దుపేరు మాత్రమే."

గోడ మీద పంకా కిర్రుమంటూ తిరుగుతోంది. సాలమోను సంచీ ఒళ్లోకి లాక్కున్నాడు.

"ముద్దుపేరాండీ?"

"ఏదో ఒకటి రాయాలి కదండీ."

"అది తీసేయండి బాబూ. మూడు చాలు కదా?"

"తీసేయచ్చండి." తాతాజీ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. అతని మొహంలోనూ నిద్ర లేదు. "తీసేస్తే అవతలి ప్లీడరు లేస్తాడు. ఈ బంగారయ్యకు సాలమోను పేరు ఎందుకొచ్చిందో కనుక్కోండి సార్ అంటాడు. మీరు అక్కడే ఉంటారు. జడ్జిగారు అడుగుతారు. మీరేం చెప్తారు?"

"ఉన్నదే చెప్తాను."

"చెప్పండి. కేసు గెలుస్తాం. వార్డు మీకొస్తాది. ఆ మాట రికార్డులోకీ ఎక్కుతాది. నెల తిరక్కుండా అమ్మాయిగారికి నోటీసొస్తాది. తండ్రి క్రైస్తవుడని హైకోర్టులో ఒప్పుకున్నాడు, నీ సర్టిఫికెట్టు ఎందుకు రద్దు చేయకూడదు అని. ఆవిడ ఒక్కరితో ఆగుతుందని కూడా నేను చెప్పలేను."

"అది ఉంచితే?"

"రెండూ దక్కుతాయి." తాతాజీ చెయ్యి అడ్డంపెట్టాడు. "మీరు చర్చికెళ్తారో లేదో నేను అడగలేదండి. మీరు నాకు చెప్పలేదు. చెప్పకండి కూడా. చెప్తే నేనీ కాగితం వేయడానికి ఉండదు. తొమ్మిదింపావు అయ్యింది. టైపు చేయించాలి, ప్రమాణం చేయించాలి, పదిన్నరకి హాల్లో ఉండాలి."

సాలమోను బయట వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. అయ్యగారికి ఫోను చేద్దామా అనుకున్నాడు. చేస్తే ఆయన ఏమంటారు? సంతకం పెట్టమంటే ఆయన అయ్యగారే కారు. వద్దంటే పేటలో నలభై కుటుంబాల ఉసురు ఆయనకు. ఆ బరువు ఇంకొకరి నెత్తిన పెట్టడం అతనికి నచ్చలేదు. కరుణను అడుగుదామంటే ఆ బళ్లో ఫోను లేదు. ఉన్నా ఆ పిల్ల మాట అతనికి తెలుసు. నా ఉద్యోగం పోతే పోనీ నాన్నా అంటుంది. ఆ మాట అననివ్వడానికా తను మోకాలు విరగ్గొట్టుకున్నది?

పందొమ్మిదో ఏట గోదావరి పాయలో నడుంలోతు నీళ్లలో నిలబడి తీసుకున్న పేరు అది. ఎవరూ పెట్టలేదు, తనే ఎంచుకున్నాడు. "ఒరే" తప్ప మరో పిలుపు లేని కుర్రాడు ఆ రోజు ఇంటికి వచ్చి, తల్లిని కూర్చోబెట్టి, ఆ పేరుతో పదిసార్లు పిలిపించుకున్నాడు. ఎన్ని మీటింగులున్నా, ఎంత గాలివాన కొట్టినా, ముప్ఫయ్యేళ్లకు పైగా ఒక్క ఆదివారం మానలేదు. ఇప్పుడు దాన్ని ముద్దుపేరు అనాలి.

నీళ్లు, బిందెలు, కరుణ చేతిలో సుద్దముక్క, సూర్యప్రకాశరావుగారి నవ్వు. అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. తొమ్మిదీ నలభైకి లోపలికి వచ్చాడు.

"ఉంచేయండి," అన్నాడు. ఏడుపు వస్తోంది గాని లాయరు ముందు ఏడవలేదు.

సంతకం దగ్గర చెయ్యి ఆగింది. బంగారయ్య అని రాసి ఎన్నేళ్లయిందో. అచ్చుగుద్దినట్టు రాసే మనిషి రెండో తరగతి పిల్లాడిలా వంకరటింకరగా రాశాడు. కోర్టు ఆవరణలో ప్రమాణం చేయించే ఆయన ముందు అప్పటికే పదిమంది క్యూ. ఆయన తలెత్తకుండానే, "ఇందులో రాసిందంతా నిజమేనా?" అని అడిగాడు. రోజుకు వందసార్లు అడిగే ప్రశ్న అది.

వెనకవాడు తోస్తున్నాడు.

"మిమ్మల్నే. నిజమేనా?"

"నిజమేనండి."

ముద్ర పడింది. అంతే, అర నిమిషం పట్టలేదు.

కేసు పదకొండున్నరకు పిలిచారు. అవతలి ప్లీడరు లేచి పెద్దగా ఏదో చెప్పాడు. తాతాజీ లేచి మ్యాపు చూపించాడు. జడ్జిగారు మ్యాపును కళ్లకు దగ్గరగా పట్టుకుని చూసి, ఇంగ్లీషు ఆపి తెలుగులో, "ఈ నీలం గీత ఏమిటి?" అని అడిగారు.

"కాలవండి," అన్నాడు తాతాజీ.

"వార్డులు నాలుగుచోట్ల కాలవ దాటాయే. వంతెనలు ఎన్ని?"

"ఒక్కటేనండి."

జడ్జిగారు అవతలి ప్లీడరువైపు చూశారు. ఆయన కాగితాలు తిరగేశాడు. అప్పుడు జడ్జిగారు, "బంగారయ్య వచ్చారా?" అన్నారు. సాలమోను లేచి నిలబడ్డాడు. ఇక అడుగుతారు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"ఊళ్లో మిమ్మల్ని ఏ పేరుతో పిలుస్తారు?"

"సాలమోనండి."

"కూర్చోండి."

అంతే. మరో ప్రశ్న లేదు. అవతలి ప్లీడరు లేవలేదు. జడ్జిగారు స్టెనోకు ఆర్డరు చెప్పడం మొదలుపెట్టారు. తాతాజీ చెవిలో ఊదుతున్నాడు. అభ్యంతరం ఇచ్చినవాళ్లు ఉన్నారా లేరా అని పేటకు వెళ్లి చూడకుండా దొంగ సంతకాలనడం తప్పు. వార్డులు ఓటర్ల సౌకర్యానికి గాని, గీసేవాళ్ల సౌకర్యానికి కాదు. ఈ విభజన కొట్టివేయడమైనది. పది రోజుల్లో పేటవాళ్ల అభ్యంతరం విని మళ్లీ గీయాలి, అప్పటిదాకా మొగలిలంకకు నోటిఫికేషను ఇవ్వకూడదు.

తాతాజీ సాలమోను భుజం నొక్కాడు. జడ్జిగారు ఇంకా చెబుతూనే ఉన్నారు. చివరి రెండు వాక్యాల దగ్గర తాతాజీ ఊదడం ఆపేశాడు.

"ఏమన్నారండీ?"

"ఏం లేదండి, అయిపోయింది."

"చెప్పండి బాబూ."

తాతాజీ బయటికి వచ్చాక, మెట్ల దగ్గర చెప్పాడు. "నాలుగో పేరా గురించండి. ఓటరు ఏ దేవుణ్ణి కొలుస్తాడన్నది వార్డు హద్దులకు సంబంధం లేని సంగతి, పిటిషనరు అది చెప్పవలసిన అవసరమే లేదు, కోర్టు దాని జోలికి పోవడం లేదు అన్నారు."

"అయితే అడిగేవారు కాదన్నమాట."

"అడిగేవారో లేదో ముందు మనకెలా తెలుస్తాదండీ," అన్నాడు తాతాజీ. అతని మాటా నిజమే. కాని సాలమోను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాడు. గెలిచిన పార్టీ కదా అని ఎవరో గుమాస్తా మిఠాయి డబ్బులడగబోయి, మొహం చూసి వెళ్లిపోయాడు.

ఆర్డరు కాపీ చేతికి వచ్చాక, శుక్రవారం రాత్రి రైలెక్కి, శనివారం మధ్యాహ్నానికి పేట చేరాడు. వంతెన దగ్గరే దండలు వేశారు. సాయంత్రానికి కరుణ వచ్చింది. చర్చి మెట్టు మీద నిలబెట్టి ఆర్డరు చదవమన్నారు. ఆ పిల్ల ఇంగ్లీషు ఒక్కో వాక్యమే చదివి తెలుగులో చెబుతుంటే జనం ఈలలు వేశారు. వంతెనలు ఎన్ని అన్నచోట మళ్లీ చదవమన్నారు. రెండో పేజీ మధ్యలో కరుణ గొంతు ఆగింది. కళ్లు నాలుగో పేరాను ఎత్తిరాసిన చోట నిలబడ్డాయి. పేజీ తిప్పేసి, మూడో పేజీలో పైనుంచి అందుకుంది. ఎవరూ గమనించలేదు, సాలమోను తప్ప.

ఇంటికొచ్చాక కాళ్లు కూడా కడుక్కోలేదు ఆ పిల్ల.

"నా కోసమేనా నాన్నా?"

"వార్డు కోసం."

"వార్డుకి ఆ పేరా అక్కర్లేదని జడ్జిగారే రాసేరు కదా."

సరోజిని పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా వింటోంది.

"నేనూ రాసిచ్చేను నాన్నా," అంది కరుణ. ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి. "సర్టిఫికెట్టు కోసం ఎమ్మార్వో ఆఫీసులో మతం అన్నచోట హిందూ అని నా చేత్తోనే రాసేను. నువ్వు పక్కనే ఉన్నావు. మర్నాడు ఆదివారం ఇద్దరం చర్చికెళ్లేం. అప్పుడు నీకు ఏమీ అనిపించలేదే?"

"అది ఫారం అమ్మా. ఖాళీ నింపేం. ఇక్కడ ఒక మనిషి నా మొహం ముందు నిజమేనా అని అడిగేడు. నిజమేనండి అన్నాను."

"రెండూ ఒకటే నాన్నా."

"ఒకటే అయ్యుంటాది," అన్నాడు సాలమోను. "నాకు మాత్రం ఒకటిలాగా లేదు."

విషయం ఇంట్లోనే ఆగేదేమో గాని సూర్యప్రకాశరావుగారికీ ఆర్డరు కాపీ అందింది. ఆదివారం తెల్లారేసరికి వంతెన గోడ మీద జిరాక్సు కాగితాలు అంటించి ఉన్నాయి. నాలుగో పేరా మాత్రమే, తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో. ఏనాడూ క్రైస్తవ మతం పుచ్చుకోలేదు. కింద ఎవరి పేరూ లేదు, ఒక్క బంగారయ్యది తప్ప. చర్చికి వచ్చేవాళ్లందరూ ఆ వంతెన ముందు నుంచే నడవాలి.

అది సంస్కారం ఇచ్చే, ప్రభువు పేర రొట్టె పంచే ఆదివారం. సంఘ పెద్దగా రొట్టె పళ్లెం మీది గుడ్డ తీసేది సాలమోనే. ఆ రోజు తలుపు పక్కన, చివరి చాప మీద కూర్చున్నాడు. ఎవరూ అతని వంక చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ ఎంత కష్టపడుతున్నారో అతనికి తెలుస్తూనే ఉంది. పాటలు అయ్యాయి. ఎబినేజర్ అయ్యగారు గుడ్డ తనే తీశారు. "సిద్ధపడినవాళ్లు రండి," అని పిలిచారు. ముందు వరస లేచింది. తర్వాతి వరస. మనుషులు వంగి, అందుకుని, తిరిగి వచ్చి కూర్చుంటున్నారు. ఆడవాళ్లవైపు సరోజిని, కరుణ కదల్లేదు. చివరి వరస వంతు వచ్చింది. సాలమోను తలొంచుకుని కూర్చునే ఉన్నాడు.

అయ్యగారు పళ్లెం పట్టుకుని చాపల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చారు.

"లేవండి సాలమోనుగారూ."

"ఆ పేరు నాది కాదని రాసిచ్చేనండి."

"అర్జీ మీద మీ కింద సంతకం నాదండి," అన్నారు అయ్యగారు. గొంతు తగ్గించలేదు. చర్చి అంతా వింటోంది. "ఓటరు జాబితాలో నా పేరు వీరవెంకటరమణ. మా అబ్బాయి ఉద్యోగం కూడా ఆ సర్టిఫికెట్టు మీదేనండి. మీరు సోమవారం ఫోను కబురు చెప్పినప్పుడు నేనొస్తానని అనలేదు. ప్రార్థన చేసేను. మీరు సంతకం పెట్టింది నా బదులు కూడానండి. లేవండి."

సాలమోను తలెత్తాడు. ఆయన మీద కోపం వస్తుందేమో అనుకున్నాడు గాని రాలేదు.

"అలాగైతే మీరూ కూర్చోండి అయ్యగారూ," అన్నాడు.

అయ్యగారు తెల్లటి అంగీ అంచు చేత్తో పట్టుకుని, చాప మీద సాలమోను పక్కన కూర్చున్నారు. పళ్లెం ఇద్దరి మధ్యా నేల మీద పెట్టారు. తీసుకున్నవాళ్లు నోట్లో రొట్టె అలాగే ఉంచుకుని వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఇంకా తీసుకోవలసినవాళ్లు ఉన్నారు. ఆ పళ్లెం ఎవరు ఎత్తాలో ఆ చర్చిలో ఒక్కరికీ తెలియలేదు.